పిల్ల ప్రభ, పెద్ద ప్రభ, మాచర్ల రైలు

మహాశివరాత్రి ఇంకా నెల రోజులుందనగానే కోటప్పకొండ చుట్టుపక్కల ఊళ్ళలో ప్రభ కమిటీలు కూడతాయి. రాత్రి భోజనాలయ్యాక రామాలయం అరుగు మీద సమావేశం. చందాలు ఎంత వస్తాయి, బాదులు ఎక్కడి నుంచి తెప్పించాలి, బట్ట ఏ రంగు, బల్బుల పనికి ఎవర్ని పిలవాలి, దారిలో అడ్డొచ్చే కరెంటు తీగల సంగతి ఎవరు మాట్లాడాలి, అన్నీ చర్చకొస్తాయి. కానీ అందరి నోటా నలిగే ప్రశ్న ఒక్కటే: ఈసారి ఎన్ని అడుగులు? పక్క ఊరు తొంభై అంటుంటే మనం ఎనభై దగ్గర ఆగితే ఊరి పరువేం కావాలి? చిలకలూరిపేట వైపు కావూరు, పురుషోత్తమపట్నం లాంటి ఊళ్ళ ప్రభలు చూసినవాళ్ళకు ఈ పంతం ఎంత గట్టిదో తెలుసు. ఎనభై, తొంభై అడుగుల ఎత్తున, ఒళ్ళంతా విద్యుద్దీపాలతో, కొండ కింద తిరునాళ్ళలో అవి బారులు తీరి నిలబడతాయి.

అవే ఊళ్ళలో పిల్లలు కూడా ప్రభలు కడతారు. వెదురు బద్దలు, రంగు కాగితాలు, ఒక బల్బుల దండ. మొక్కు ఉన్నవాళ్ళు చిన్న ప్రభను భుజాన పెట్టుకుని కొండకు నడుస్తారు. ఆకారం అదే, అలంకారం అదే, భక్తి అదే. అయిదడుగుల పిల్ల ప్రభను పద్దెనిమిది రెట్లు పెంచితే తొంభై అడుగుల పెద్ద ప్రభ వస్తుందని ఎవరైనా అనుకోవచ్చు. రాదు. ఎందుకు రాదన్నది విజ్ఞానశాస్త్రంలో నాకు అత్యంత ఇష్టమైన ప్రశ్నల్లో ఒకటి. బొమ్మ విమానాలు, బొమ్మ రైళ్ళు, బొమ్మ ఓడలు కట్టేవాళ్ళు ప్రపంచమంతటా రాత్రుళ్ళు మేలుకుని వాదించుకునేది కూడా ఈ ప్రశ్న చుట్టూనే.

లెక్క చూద్దాం. పొడవు, వెడల్పు, మందం మూడూ 18 రెట్లు పెరిగాయనుకోండి. గాలి తగిలే ముఖభాగం 18 ఇంటు 18, అంటే 324 రెట్లవుతుంది. బరువు 18 ఇంటు 18 ఇంటు 18, అంటే 5,832 రెట్లు. పిల్ల ప్రభ మూడు కిలోలుంటే, అచ్చం అలాగే పెంచిన పెద్ద ప్రభ పదిహేడున్నర టన్నులు తూగుతుంది. ఆ బరువును మోయాల్సిన కర్రల అడ్డుకోత మాత్రం 324 రెట్లే పెరిగింది. అంటే ప్రతి చదరపు అంగుళం కలప మీదా భారం 18 రెట్లు ఎక్కువ. గెలీలియో 1638లో అచ్చయిన తన ఆఖరి పెద్ద గ్రంథంలో ఈ సంగతే చెప్పాడు. పెద్ద జంతువు ఎముక చిన్న జంతువు ఎముకకు అదే కొలతల్లో పెంచిన రూపం కాలేదు, అంతకంటే బాగా లావెక్కాలి. ఏనుగు కాలినీ మేక కాలినీ పక్కపక్కన ఊహించుకుంటే చాలు.

నిలువు కర్రల సంగతి ఇంకా కఠినం. నిటారుగా నిలిపిన కర్ర విరగకుండానే, తన బరువుకు తానే పక్కకు వంగిపోయే ఎత్తు ఒకటుంటుంది. 1881లో గ్రీన్‌హిల్ అనే ఇంగ్లిష్ గణితజ్ఞుడు ఓడల తెరస్తంభాలకూ చెట్లకూ ఈ ఎత్తును లెక్కగట్టాడు. ఎత్తు రెట్టింపు చేయాలంటే లావు రెట్టింపు చేస్తే సరిపోదు, దాదాపు 2.8 రెట్లు చేయాలి. ఎత్తు 18 రెట్లయితే లావు 76 రెట్లు. వంగిపోయే అంచున ఉన్న ఒక అంగుళం కర్రను అలా పెంచుకుంటూ పోతే ఆరడుగులకు పైగా మందమున్న మాను కావాలి. అలాంటి మాను ఏ ఊళ్ళోనూ ఉండదు, ఉన్నా దాన్ని బండి మీదికి ఎక్కించలేరు.

మరి ప్రభ ఎలా నిలబడుతోంది? ఇక్కడే మన ప్రభ కట్టేవాళ్ళ పనితనానికి దండం పెట్టాలి. వాళ్ళు పిల్ల ప్రభను పెంచరు, కట్టడాన్నే మార్చేస్తారు. ఒక లావు దుంగ బదులు సన్నని బాదులను దూరదూరంగా నిలిపి, అడ్డకర్రలు, ఐమూల కర్రలు వేసి బిగిస్తారు. వంపును ఆపే బలం కర్ర మందంలో కంటే కర్రల మధ్య ఎడంలో ఎక్కువగా ఉంటుంది. పొలాల మీదుగా పోయే హైటెన్షన్ టవర్లు కూడా ఈ సూత్రం మీదే నిలబడ్డాయి. కట్టు బిగింపు ఎక్కడ వదులవుతుందో, ఏ బాదు ముందు మూలుగుతుందో తరతరాలుగా చేతులకు అబ్బిన విద్య అది. దీన్ని ఇంజినీరింగ్ అనడానికి నాకేమాత్రం సంకోచం లేదు.

అసలు పరీక్ష గాలితో. తొంభై అడుగుల ఎత్తు, సగటున పదిహేనడుగుల వెడల్పు ఉన్న ప్రభ ముఖం దాదాపు 125 చదరపు మీటర్లు. గంటకు 36 కిలోమీటర్ల గాలి, అంటే చిన్న చెట్లు ఊగే పాటి గాలి, చదరపు మీటరుకు సుమారు ఆరు కిలోల బరువంత నెడుతుంది. మొత్తం మీద 750 కిలోలు. ఆ నెట్టుడు సగం ఎత్తులో, నలభై అయిదు అడుగుల పైన పనిచేస్తుంది. కింద బండి ఆధారం మూడు మీటర్ల మేర ఉంటే, ఆ గాలికి ఒరిగిపోకుండా ఉండటానికి ప్రభ, బండి కలిసి ఏడు టన్నుల దాకా తూగాలి. అంతకు తగ్గితే ఒరుగుతుంది. పైగా నేలకు దగ్గర గాలి మెల్లగా, పైకి పోయేకొద్దీ వేగంగా వీస్తుంది. వేగం రెట్టింపైతే నెట్టుడు నాలుగింతలవుతుంది. అందుకే ముందూ వెనకా మోకులు పట్టిన జనం. చూసేవాళ్ళకు అది ఉత్సాహం. నిజానికి వాళ్ళు ప్రభకు లేని అడుగు వెడల్పును తమ ఒంటితో పూరిస్తున్నారు. మోకు దూరంగా పట్టేకొద్దీ ఆధారం విశాలమవుతుంది. గాలి తిరిగితే మోకు మీద చేతులూ తిరగాలి. పిల్ల ప్రభకు ఈ బాధ లేదు. ఒక చేత్తో అదిమి పట్టుకుంటే చాలు.

కోనసీమలో కనుమ నాటి జగ్గన్నతోట ప్రభలను భుజాల మీద మోస్తారు. పచ్చని చేలలో నడిపిస్తారు, కౌశిక కాలవ నీళ్ళలో దింపి దాటిస్తారు. 2023 గణతంత్ర దినోత్సవానికి మన రాష్ట్ర శకటంగా ఢిల్లీ కర్తవ్యపథం మీదికి వెళ్ళింది ఆ ప్రభల తీర్థమే. భుజాన మోసే ప్రభకూ లెక్క ఒక హద్దు గీస్తుంది. ప్రభ పెరిగేకొద్దీ బరువు ఘనంలో పెరుగుతుంది, మోతకర్రల కింద పట్టే భుజాల సంఖ్య మాత్రం అంత జోరుగా పెరగదు. ఆ హద్దు దాటిన ప్రభకు చక్రాలు కావాలి. పల్నాటి ప్రభలు ఆ హద్దు ఏనాడో దాటేశాయి. ముందు ఎడ్లు లాగాయి, ఇప్పుడు ట్రాక్టర్లు లాగుతున్నాయి, నిలబెట్టడానికి క్రేన్లు వస్తున్నాయి.

పెంచడంలో ఉన్న చిక్కు కుదించడంలోనూ ఉంది. దానికీ పల్నాడు దాటిపోనక్కర్లేదు. మాచర్ల మండలం విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కితే నాగార్జునకొండ. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ ఇక్కడ తవ్వకాలు జరిపినప్పుడు 106 అడుగుల వ్యాసమున్న మహాచైత్యంలో ఒక మట్టికుండ దొరికింది. అందులో రెండున్నర అంగుళాల వెండి భరిణె, అది అచ్చం స్తూపం ఆకారంలో ఉంది. దాని లోపల బంగారు భరిణె, అందులో చిన్న ఎముక ముక్క. మహాస్తూపం కడుపులో బుల్లి స్తూపం! ఇక్ష్వాకుల కాలపు కంసాలి ఒకడు, ఎప్పటికీ ఎవరి కంటా పడదని తెలిసిన వస్తువుకు అంత శ్రద్ధగా ఆకారం దిద్దాడు. ఓడ బొమ్మ లోపలి గదుల్లో, పైకి ఏమాత్రం కనపడని చోట కూడా బల్లలూ కుర్చీలూ అమర్చే నేటి నమూనాల పిచ్చివాళ్ళకు అతడు పెద్దన్న.

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. లోయంతా మునిగిపోతుంది కాబట్టి 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పెద్దయెత్తున తవ్వకాలు సాగాయి. ముఖ్యమైన తొమ్మిది కట్టడాలను కొండ మీదికి తరలించి తిరిగి కట్టారు. ఇంకో పద్నాలుగింటికి గట్టు మీద అనుపులో పెద్ద ప్రతిరూపాలు లేపారు. కొండ మీది మ్యూజియంలో మునిగిన లోయ నమూనా ఉంది. నీళ్ళ కింద ఏముందో ఇవాళ మనకు చూపించేది అదే. ఊరికే అందానికి చేసిన బొమ్మలున్నాయి, పాఠం చెప్పడానికి చేసినవీ ఉన్నాయి. పోయిన చోటికి బదులుగా మిగిలిన నమూనాలు మాత్రం తక్కువ. అందుకే ఈ లోయ నమూనా ముందు ఎక్కువసేపు నిలబడమని చెప్పాలనిపిస్తుంది.

లోయను కుదించవచ్చు, కొండను కుదించవచ్చు. నీటిని కుదించడం మాత్రం మహా తంటా. ఆనకట్టల ఇంజినీర్లకు ఇది నిత్యం ఎదురయ్యే సమస్య. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో 1916 నాటి కేంద్ర జల, విద్యుత్ పరిశోధనా కేంద్రం ఉంది. మన పోలవరం స్పిల్‌వే నమూనా కట్టి నీళ్ళు వదిలి చూసింది అక్కడే. సాగర్‌నే తీసుకుని 49వ వంతుకు కుదించామనుకుందాం. దాదాపు 125 మీటర్ల ఆనకట్ట రెండున్నర మీటర్లవుతుంది. 45 అడుగుల వెడల్పున్న ఒక్కో గేటు 11 అంగుళాలవుతుంది. ఆ 26 బుల్లి గేట్లెత్తితే నీళ్ళు ఎంత వేగంగా దూకాలి? 49వ వంతు వేగంతో అనుకుంటే పొరపాటు. భూమి ఆకర్షణను మనం కుదించలేం కదా. 1870 దశకం ఆరంభంలో ఇంగ్లండులోని టోర్కీలో విలియం ఫ్రూడ్ ఓడల నమూనాలను తొట్టిలో లాగుతూ సరైన సూత్రం పట్టాడు. వేగం కొలత వర్గమూలాన్ని బట్టి తగ్గుతుంది. 49కి వర్గమూలం 7. కాబట్టి నమూనాలో నీళ్ళు అసలు వేగంలో ఏడో వంతుతో దూకుతాయి, కాలం కూడా ఏడింతలు తొందరగా నడుస్తుంది. రోజంతా సాగే వరద మూడున్నర గంటల్లోపే ముగుస్తుంది. పది లక్షల క్యూసెక్కుల ప్రవాహానికి అరవై క్యూసెక్కులు చాలు, ఎందుకంటే ప్రవాహం 7ను అయిదుసార్లు గుణిస్తే వచ్చే 16,807 వంతుల్లో ఒక వంతుకు దిగిపోతుంది. ఇంత లెక్క ఇంత నిక్కచ్చిగా కుదరడం చూస్తే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

అయితే ఈ సూత్రానికి లొంగనివీ ఉన్నాయి. నీటి జిగట, నీటి పైపొర బిగువు మారవు. కిలోమీటరు వెడల్పు, మూడు మీటర్ల లోతు ఉన్న కృష్ణను 500వ వంతుకు కుదిస్తే రెండు మీటర్ల వెడల్పు, ఆరు మిల్లీమీటర్ల లోతు మిగులుతుంది. అది నదిలా పారదు, తడి గచ్చు మీద నీటి పొరలా పాకుతుంది. అందుకని నదుల నమూనాల్లో వెడల్పుకు ఒక కొలత, లోతుకు ఇంకో కొలత తీసుకుంటారు. కావాలని ఆకారం చెడగొట్టి, ప్రవర్తనను కాపాడుకుంటారు.

నమూనాలతో కంటిని నమ్మించడం తెలుగువాళ్ళు సినిమాల్లో బాగా ఎరిగిన విద్యే. 1957 నాటి ‘మాయాబజార్’లో ద్వారకా నగరాన్ని యాభై అడుగుల పొడవు, అరవై అడుగుల వెడల్పు చోటులో సుమారు 300 బొమ్మ ఇళ్ళతో కట్టారు. వాటిలో దీపాలు వెలిగించి మార్కస్ బార్ట్లీ కెమెరా పెట్టాడు. గోఖలే, కళాధర్ కళాదర్శకులు. నగరం కదలదు కాబట్టి కన్ను నమ్మేసింది. అదే నగరం కూలాలన్నా, అలలు లేవాలన్నా ఫ్రూడ్ సూత్రం పిలవకుండానే వచ్చి కూర్చుంటుంది. 25వ వంతు బొమ్మ గోడ అయిదు రెట్లు తొందరగా నేలకు పడిపోతుంది, చూడగానే బొమ్మని తెలిసిపోతుంది. దాన్ని సెకనుకు 24 ఫ్రేములకు బదులు 120 ఫ్రేములతో తీసి, మామూలు వేగంతో చూపిస్తే అప్పుడు అది కోటగోడలా బరువుగా కూలుతుంది. పాత సినిమాల్లో కొన్ని వరదలు బకెట్టు నీళ్ళలా కనపడటానికి కారణం ఇదే. నీటి చుక్క సైజు మాత్రం ఏ కెమెరాకూ లొంగదు.

ఇక బొమ్మ రైళ్ళవాళ్ళ దగ్గరికి వద్దాం. వాళ్ళ క్లబ్బుల సమావేశాల్లో మిల్లీమీటరు మీద నడిచినన్ని వాదాలు వేరెక్కడా నడవవు. ప్రపంచంలో ఎక్కువమంది వాడే హెచ్‌ఓ కొలత 1:87. పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. విదేశాల 1,435 మిల్లీమీటర్ల పట్టాలకు అది అచ్చంగా సరిపోతుంది. బ్రిటన్ వాళ్ళు మాత్రం చిక్కులో పడ్డారు. వాళ్ళ ఇంజన్లు చిన్నవి. ఆనాటి మోటార్లు ఆ కొలతలో లోపల పట్టలేదు. అందుకని రైలును కాస్త పెద్దగా, అడుగుకు నాలుగు మిల్లీమీటర్ల లెక్కన చేసి, పట్టాలను మాత్రం 16.5 దగ్గరే ఉంచేశారు. నిజానికి ఉండాల్సింది 18.83. తేడా 2.33 మిల్లీమీటర్లు. ఆ తేడా కంటికి గుచ్చుకున్నవాళ్ళు విడిగా సంఘం పెట్టుకుని, చక్రాలు, పట్టాలు, కూడళ్ళు అన్నీ సొంత చేతులతో 18.83కి చేసుకుంటున్నారు. మందులో గురిగింజ ఎత్తు తేడా వస్తే ఊరుకోని వైద్యుడి నిష్ఠ అది.

ఆ నిష్ఠను నేను పూర్తిగా సమర్థిస్తాను, ఎందుకంటే కుదించినప్పుడు చిన్న తప్పు పెద్దదవుతుంది. 1932లో జేమ్స్ హే స్టీవెన్స్ 1:72 కొలతలో విమానాల కిట్లు తెచ్చాడు. ఆరడుగుల మనిషి అందులో సరిగ్గా ఒక అంగుళం. ఆ బొమ్మ మీద 0.05 మిల్లీమీటర్ల మందాన రంగు వేస్తే, అసలు విమానం మీద మూడున్నర మిల్లీమీటర్ల పూత వేసినట్టు. బొమ్మ మీద వాలిన ఒక తల వెంట్రుక అసలు విమానం మీద పడిన అయిదు మిల్లీమీటర్ల తాడు. రంగు ముదురు కూడా సమస్యే. అడుగు దూరం నుంచి బొమ్మను చూడటం 72 అడుగుల దూరం నుంచి విమానాన్ని చూడటంతో సమానం. ఆ దూరంలో గాలి, ధూళి కలిసి రంగును కాస్త వెలిసినట్టు చేస్తాయి. కాబట్టి అసలు డబ్బాలోని రంగే వేస్తే బొమ్మ మీద అది ముదురుగా కనిపిస్తుంది, పలచన చేయాలని ఒక వర్గం. అక్కర్లేదు, గాలి సంగతి కన్ను చూసుకుంటుందని ఇంకో వర్గం. దశాబ్దాలు గడిచినా రెండు వర్గాలూ రాజీ పడలేదు.

ఇలాంటి సమావేశాల్లో కూర్చున్నవాళ్ళు ఎంత దూరం పోగలరో చెప్పడానికి ఒక్క క్లబ్బు చాలు. అమెరికాలో ఎంఐటీ విద్యార్థులు 1946లో బొమ్మ రైళ్ళ క్లబ్బు పెట్టారు. కొందరు కొండలు, ఇళ్ళు, ఇంజన్లు తీర్చిదిద్దేవారు. ఇంకో ఉపసంఘం బల్ల కింద దూరి, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల్లో వాడే రిలేలతో పట్టాలు మార్చే వలయాలు అల్లేది. 1950 దశకం చివర విశ్వవిద్యాలయానికి కంప్యూటర్లు వచ్చినప్పుడు ఆ బల్ల కింది కుర్రాళ్ళే వాటి మీద పడ్డారు. 1962లో వచ్చిన ‘స్పేస్‌వార్’ కంప్యూటర్ ఆటలో ఆ క్లబ్బువాళ్ళ చేయి ఉంది. రైలు ఒక దారి నుంచి ఇంకో దారికి తప్పకుండా ఎలా మళ్ళాలన్న పట్టుదల వాళ్ళను అక్కడిదాకా తీసుకుపోయింది.

మరి మన మాచర్ల రైలును 1:87లో చేయాలంటే? మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19.26. దుకాణంలో దొరికే హెచ్‌ఓ పట్టాలు 16.5. కొనుక్కొచ్చిన పట్టాల మీద మన రైలు పెడితే, చీర కట్టుకుని సన్నని గట్టు మీద నడుస్తున్నట్టు ఇరుకిరుగ్గా ఉంటుంది. బ్రిటన్ వాళ్ళ కంటే మన తేడా పెద్దది, 2.76 మిల్లీమీటర్లు. ఈ దారి ఒకప్పుడు మీటర్‌గేజ్. ఆ కాలాన్ని చేయదలిస్తే 11.5 రావాలి. మీటర్‌గేజ్ కోసం అమ్మే 12 మిల్లీమీటర్ల పట్టాలు దాదాపు సరిపోతాయి. కాబట్టి పల్నాడులో మొదలుపెట్టేవాళ్ళకు నా సలహా, పాత మీటర్‌గేజ్ రోజులు ఎంచుకోండి.

రెండో చిక్కు పొడవు. గుంటూరు నుంచి మాచర్లకు సుమారు 130 కిలోమీటర్లు. 1:87లో కూడా అది కిలోమీటరున్నర. అంత పొడవు గది ఎక్కడా ఉండదు. ఇరవై పెట్టెల రైలు ఒక్కటే అయిదు మీటర్లు పట్టేస్తుంది. అందుకని బొమ్మ రైళ్ళవాళ్ళు స్టేషన్లు ఉంచి మధ్య పొలాలను కోసేస్తారు, ఇరవై పెట్టెలను ఏడుకు దించుతారు, వంపులను బిగిస్తారు. దేన్ని ఉంచాలి, దేన్ని తీసేయాలన్నదే ఈ విద్యలో అన్నిటికంటే కష్టమైన నిర్ణయం. నరసరావుపేటలో అలాంటి క్లబ్బొకటి పుడితే దాని తొలి సమావేశం తెల్లారేదాకా సాగుతుంది. సత్తెనపల్లి వాళ్ళు తమ స్టేషన్ ఉండాల్సిందేనంటారు. పిడుగురాళ్ళ వాళ్ళు సున్నపు బట్టీలు లేకుండా దారే లేదంటారు. నడికుడి కూడలి తీసేస్తే పట్టాలు మార్చే సరదాయే పోతుంది. గురజాల, రెంటచింతల వాళ్ళు మాట్లాడే లోపే మాచర్ల వాళ్ళు చివరి మజిలీ తమదేనని ధీమాగా కూర్చుంటారు. గుంతకల్లు దారిలో ఉన్న నరసరావుపేట ఈ పట్టాల మీద అసలు రాదు. అద్దె గది, చందా పుస్తకం తమవే కాబట్టి పక్కన రెండో దారి వేయాల్సిందేనని ఆ ఊరివాళ్ళు పట్టుబడతారు.